కుటుంబ శ్రమ అంటే ఎవరి శ్రమ?

విశాఖపట్నంలో నేను రెండేళ్ళు అప్లయిడ్ ఎకనామిక్స్ చదివాను. సేద్యానికీ, వ్యాపారానికీ, పర్యావరణానికీ లెక్కలు కట్టడం నేర్పే చదువు అది. ఈ నగరంలో అలాంటి చదువు చెప్పేవి ఒకటికంటే ఎక్కువే ఉన్నాయి కాబట్టి నేను చదివిందేదో రాయను. రాసినా ఒరిగేదేమీ లేదు. దేశమంతా ఇవే పుస్తకాలు, ఇవే నమూనాలు.

మాది అనకాపల్లి అవతల పల్లెటూరు. చెరకు, కాస్త వరి. మా అమ్మ తెల్లవారుజామున నాలుగింటికి లేస్తుంది. పేడ ఎత్తి, పాలు పితికి, కూలీలకి అంబలి కాచి, పొలానికి మోసుకెళ్ళి, తనూ వాళ్ళతో పాటు కలుపు తీసి, సాయంత్రం పశువులకి గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని ఇంటికొస్తుంది. మొదటి ఏడాది సెలవుల్లో ఇంటికెళ్ళినప్పుడు, క్లాసులో ఇచ్చిన సర్వే షెడ్యూల్ చేతిలో పెట్టుకుని, "అమ్మా, నువ్వేం పని చేస్తావ్?" అని అడిగాను. "నానేటి సేత్తానే, ఇంటికాడే ఉంతాను" అంది.

అమ్మని తప్పు పట్టలేను. సర్కారు జవాబూ అదే. జాతీయ నమూనా సర్వేల్లో ప్రతి మనిషికీ ఒక కోడ్ ఇస్తారు. ఇంటిపని మాత్రమే చేసే ఆడమనిషి 92. ఇంటిపనితో పాటు కట్టెలు ఏరుకొచ్చి, పిడకలు చేసి, బట్టలు కుట్టుకునే ఆడమనిషి 93. ఈ రెండు కోడ్‌ల వాళ్ళూ శ్రామికులు కారు. మా అమ్మకి నిజానికి 21 రావాలి. అంటే సొంత సేద్యంలో జీతం లేని సహాయకురాలు. అయితే అడిగేది ఇంటి యజమానిని. ఆయన అరుగు మీద కూర్చుని "ఇంటిపనే" అంటే 92 పడుతుంది. సహాయకురాలు అన్న మాట చూడండి. నాలుగింటికి లేచినామె ఎవరికి సహాయం చేస్తున్నట్టు?

ఇక సాగు ఖర్చుల పాఠం. పంటకి మద్దతు ధర సిఫారసు చేసే కమిషన్ ముందు ఏ-2 అనే ఖర్చు ఉంటుంది. విత్తనం, ఎరువు, కూలి, కౌలు లాంటి చేతి నుంచి పెట్టిన ఖర్చులు అందులోకి వస్తాయి. దానికి ఎఫ్.ఎల్. కలుపుతారు. ఫ్యామిలీ లేబర్, కుటుంబ శ్రమ. ఇంటివాళ్ళు పొలంలో చేసిన పనికి కూలి రేటు కట్టి వేసే అంకె అది. ఆ పైన సొంత భూమికి అద్దె, సొంత పెట్టుబడికి వడ్డీ వేస్తే సి-2. స్వామినాథన్ కమిషన్ 2006లో ఖర్చు మీద కనీసం సగం అదనంగా ఇవ్వమంది. కేంద్రం 2018లో ఏ-2కి ఎఫ్.ఎల్. కలిపి దాని మీద సగం ఇస్తామంది. కాదు, సి-2 మీద ఇవ్వాలని రైతు సంఘాలు పోరాడుతున్నాయి. పోరాడాల్సిందే. నేనూ వాళ్ళ వైపే.

కానీ ఈ తగాదా అంతా దేని గురించో ఒకసారి చూడండి. భూమి అద్దె గురించి, వడ్డీ గురించి. అవి పట్టా ఎవరి పేరున ఉంటే వాళ్ళకి చెందే లెక్కలు. ఎఫ్.ఎల్. అనే రెండక్షరాల్లో ఎవరి గంటలున్నాయి, ఏ రేటు కట్టారు అని అడిగిన సభ ఒక్కటీ నేను చూడలేదు. ఊళ్ళో ఆడకూలీ రేటు మగకూలీ కంటే తక్కువ. సమాన వేతన చట్టం 1976లోనే వచ్చినా పొలం గట్టు దాటి లోపలికి రాలేదు. ఆ తక్కువ రేటే సొంత పొలంలో పనిచేసే భార్యకీ కడతారు. అంటే బయటి అన్యాయాన్ని ఇంటి లోపలి లెక్కలోకి కూడా మోసుకొస్తారు. ఇంకా పాత అలవాటొకటుంది. ఆడమనిషి రోజు పనిని ముప్పాతిక మగరోజుగానో, మూడింట రెండొంతుల మగరోజుగానో మార్చి 'పురుష దినాలు' అని రాయడం. మా వైపు వరి ఊడ్పులు వేసేది ఆడవాళ్ళు. నడుము వంచి రోజంతా ఊడ్చే పనిని, ఆ పని చేయని మనిషి కొలతతో కొలిచి, నువ్వు ముప్పాతికే అన్నారు!

అంబలి సంగతి అడిగాను నేను. కూలీలకి పెట్టిన అన్నంలో బియ్యం ధర ఖర్చుగా రాస్తారు కదా, వండిన చేతుల ఖర్చేది? మాష్టారు నవ్వి, "అది సోషియాలజీ అమ్మా, ఎకనామిక్స్ కాదు" అన్నారు. అదే పుస్తకంలో సి-3 అనే ఖర్చుంది. రైతు చేసే అజమాయిషీకి సి-2 మీద పది శాతం కలిపేది. గట్టు మీద నిలబడి పని చేయించడం ఆర్థికశాస్త్రం, పొయ్యి ముందు కూర్చుని వండటం సమాజశాస్త్రం.

ఈ దేశంలో ఆడవాళ్ళ పేరున ఉన్న సాగు కమతాలు 2015-16 వ్యవసాయ గణన ప్రకారం నూటికి పద్నాలుగు కూడా లేవు. పేరు లేకపోతే ఏమవుతుందో విశాఖ వాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. 1966లో 'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' అని వీధుల్లోకొచ్చి 32 మంది ప్రాణాలిచ్చారు. ఫ్యాక్టరీ కోసం 64 గ్రామాలు భూములిచ్చాయి. 1971లో శంకుస్థాపన జరిగింది. ఆ రోజుల్లో ఉమ్మడి ఆస్తిలో కూతురికి జన్మహక్కు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ హక్కు 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకొచ్చింది, అదీ అప్పటికి పెళ్ళి కాని కూతుళ్ళకే. చట్టం వచ్చేసరికి ఆ గ్రామాల భూమి చేతులు మారిపోయింది. నష్టపరిహారం పట్టాని చూసి వస్తుంది, కలుపు తీసిన చేతుల్ని చూసి రాదు. ఉక్కుని అమ్మేస్తామని కేంద్రం 2021లో నిర్ణయించినప్పుడు మళ్ళీ అందరం హక్కు అని అరిచాం. నేనూ అరిచాను. ఆంధ్రుల హక్కులో ఆంధ్ర ఆడవాళ్ళ వాటా ఎంత అన్న పాఠం మాత్రం నా రెండేళ్ళ చదువులో రాలేదు.

ఫిషింగ్ హార్బర్‌లో వేలం పాడి, గంప ఎత్తి, ఉప్పుచేప ఎండబెట్టి అమ్మేది ఆడవాళ్ళు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. ఆ రోజులకిచ్చే భృతిని 2025లో 20 వేలు చేశారు. అది వేటకెళ్ళేవాళ్ళకి. చేప రాకపోతే గంపా ఖాళీయే కదా?

పర్యావరణం పాఠం ఇంకా ఘోరం. కాలుష్యం వల్ల మనిషికి జరిగే నష్టాన్ని కొలిచే పద్ధతుల్లో ఒకటి, ఆ మనిషి పోగొట్టుకున్న సంపాదన. పోర్టు బొగ్గుధూళి పాతబస్తీ గుమ్మాల్లోకి వస్తుంది. రోజుకి రెండుసార్లు ఊడ్చి తుడిచే ఆడమనిషికి సంపాదన లేదు, కనుక నష్టమూ లేదు! 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ వాయువు లీకై 12 మంది చనిపోయినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం చనిపోయిన ప్రతి మనిషి కుటుంబానికీ కోటి రూపాయలిచ్చింది. అందులో మా పాఠ్యపుస్తకం చేయి ఉంటే అందరికీ ఒకే అంకె వచ్చేది కాదు.

కోర్టులు మా క్లాసు కంటే నయం. జంషెడ్‌పూర్ ఉక్కు నగరంలో 1989లో జరిగిన అగ్నిప్రమాదం కేసులో, లతా వాధ్వా తీర్పులో, సుప్రీంకోర్టు 2001లో గృహిణి సేవలకి నెలకి 3 వేలు కట్టింది. చాలా తక్కువ, కానీ సున్నా కాదు. 2010లో మరో తీర్పులో, జనాభా లెక్కలు గృహిణుల్ని బిచ్చగాళ్ళతో, ఖైదీలతో కలిపి పనిలేనివాళ్ళ జాబితాలో వేయడాన్ని తప్పుపట్టింది. ఆడమనిషి చచ్చిపోతే ఆమె పనికి ధర కట్టగలిగినవాళ్ళం, బతికుండగా ఎందుకు కట్టలేం?

ఇంటిపనికి ధర కడితే ఆడదాన్ని వంటింటికే కట్టేసినట్టవుతుందని మన సంఘంలోనే కొందరు అక్కలు అంటారు. ఆ భయం నాకూ ఉంది. అయితే నేనడిగేది జీతం కాదు, లెక్క. 2019 టైమ్ యూజ్ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి 299 నిమిషాలు, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు పెడుతున్నారు. ఈ అంకె బయటపడ్డాకే కదా "ఆ తేడా ఎందుకు?" అని మగవాడి మొహం మీద అడగడానికి మనకి వీలైంది.

చివరి ఏడాది ప్రాజెక్టుకి మా ఊరి దగ్గర ఇళ్ళు తిరిగాను. షెడ్యూల్‌లో మొదటి గడి 'కుటుంబ యజమాని పేరు'. ఒక ముసలామె, పదెకరాలు ఒంటిచేత్తో సాగు చేయిస్తున్న మనిషి, "మాదేటుందమ్మా, మా అబ్బాయినడుగు" అంది. అబ్బాయి హైదరాబాద్‌లో ఉన్నాడు. ఆ రాత్రి నేను ఇంకో పేజీ రాసి షెడ్యూల్‌కి కుట్టాను. ఎవరు ఎన్నింటికి లేచారు, ఏ పని ఎన్ని గంటలు చేశారు, విత్తనం ఎవరు దాచారు, అమ్మిన డబ్బు ఎవరి చేతికొచ్చింది, పట్టా ఎవరి పేరున ఉంది. ప్రతి ప్రశ్నా ఆడవాళ్ళనే, మగవాళ్ళు లేనప్పుడు అడగాలి. బైండింగుకి ముందు ఆ పేజీని తీసేయమన్నారు. తీసేశాను, మార్కులు కావాలి కదా. ఇవాళ్టికీ సిగ్గుగానే ఉంది.

ఎకనామిక్స్ చదువుతున్న అమ్మాయిలు ఈ పత్రిక చూస్తారని తెలుసు. ఆ పేజీ నా దగ్గరుంది. కావాలనుకున్నవాళ్ళు పత్రిక చిరునామాకి రాయండి, జిరాక్సు తీసి పంపుతాను. తీసేయమంటే మాత్రం, కారణం కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వమని అడగండి.