ఆదివారం రాత్రిని కాపాడుకుందాం

వారంలో మిగతా రోజులన్నీ ఒక ఎత్తు, సోమవారం ఒక్కటీ ఒక ఎత్తు. సింగపూర్‌లో కన్‌స్ట్రక్షన్ పనిలో ఉన్న మనవాళ్లలో ఎవర్ని కదిపినా ఈ మాటే వినిపిస్తుంది. శనివారం సాయంత్రం నవ్వుకుంటూ లారీ ఎక్కిన మనిషే, సోమవారం ఉదయం టూల్‌బాక్స్ మీటింగ్‌లో మాట పెగలక నిలబడతాడు. ఒంట్లో జ్వరం లేదు. జీతం ఆగలేదు. ఊళ్లో అందరూ బాగానే ఉన్నారు. అయినా కాళ్లు కదలవు.

దీనికి మన దగ్గర రెండే మందులు. ఒకటి, 'మనసు గట్టి చేసుకోరా' అని స్నేహితులు చెప్పేది. రెండోది మేస్త్రీల మందు, నాలుగు తిట్లు. ఈ రెండూ పనిచేయవని సైట్ల మీద ఏళ్ల తరబడి మనుషుల్ని చూస్తున్నవాడిగా చెబుతున్నాను. సోమవారం దిగులుకు మూలం సోమవారంలో లేదు. అంతకు ముందు రాత్రిలో ఉంది.

ఇది మన ఒక్కరి బలహీనత అనుకోకండి. ఒకప్పుడు ఇంగ్లండ్‌లో చేతిపనివాళ్లు సోమవారం పని ఎగ్గొట్టడం ఎంత మామూలంటే, దానికి 'సెయింట్ మండే' అని పండగలా ఒక పేరే పెట్టుకున్నారు. బొంబాయి మిల్లు కార్మికులకు ఆదివారం సెలవు ఊరికే రాలేదు. నారాయణ మేఘాజీ లోఖండే నాయకత్వంలో ఏళ్ల తరబడి అడిగితే 1890లో దక్కింది. మన సింగరేణి కార్మికులు వారాంతపు సెలవును 'ప్లేడే' అంటారు. గల్ఫ్‌లో శుక్రవారం సెలవున్న చోట మనవాళ్లకు శనివారమే సోమవారం. పేరేదైనా బాధ ఒకటే.

ఇక మన సంగతి చూద్దాం. సింగపూర్‌కీ మన ఊరికీ రెండున్నర గంటల తేడా. ఇక్కడ రాత్రి పది అయితే అక్కడ ఏడున్నరే. ఇంటి ఆవిడ వంట చేసి, పిల్లలకు పెట్టి, గిన్నెలు కడిగి తీరిగ్గా ఫోన్ పట్టుకునేసరికి అక్కడ తొమ్మిది, ఇక్కడ పదకొండున్నర. గంట మాట్లాడితే పన్నెండున్నర. ఐదింటికి అలారం. అంటే నిద్ర నాలుగున్నర గంటలు. లారీలో కునికిపాట్లు పడుతూ సైటుకు వచ్చిన మనిషికి ఉత్సాహం ఎక్కడి నుంచి వస్తుంది?

పైగా ఆ గంటలో ఏం మాట్లాడుకుంటాం? చిట్టీ కట్టాలి, వడ్డీవాడు వచ్చి వెళ్లాడు, స్కూలు ఫీజు, నాన్న బీపీ మాత్రలు, చెల్లి పెళ్లి. వారం పొడవునా కూడిన లెక్కలన్నీ ఆదివారం రాత్రే దిగుతాయి. ఏజెంటు అప్పు తీరనివాడైతే చెప్పనక్కర్లేదు. ఫోన్ పెట్టేశాక కన్ను మూతపడదు. ఇంట్లోవాళ్లను తప్పు పట్టడం లేదు. వాళ్లు మనకు కాక ఇంకెవరికి చెప్పుకుంటారు? మార్చుకోవాల్సింది వేళ ఒక్కటే. డబ్బు మాటలు శనివారం రాత్రికి పెట్టుకోండి. మర్నాడు సెలవైతే అలారం ఉండదు. పిల్లలతో కబుర్లు ఆదివారం ఉదయం. ఇక్కడ పదింటికి అక్కడ ఏడున్నర, పిల్లలు అప్పుడే లేస్తారు. ఆదివారం రాత్రి ఒక్క ఐదు నిమిషాలు, 'తిన్నావా, పడుకో' అంతే. ఇంటి ఆవిడకు కారణం చెబితే అర్థం చేసుకోకుండా ఉండదు.

రెండోది మందు. లిటిల్ ఇండియా ప్రాంతంలో శనివారం ఉదయం ఏడు నుంచి సోమవారం ఉదయం ఏడు దాకా బహిరంగంగా తాగకూడదని 2015 నుంచి చట్టమే ఉంది. చట్టం సంగతి పక్కన పెట్టండి. తాగితే నిద్ర పడుతుందనుకుంటాం. నిజానికి ముందు మత్తు వస్తుంది, నడిరాత్రి మెలకువ వస్తుంది, మిగిలిన నిద్ర పాడవుతుంది. దిగులు పోగొట్టుకుందామని తాగినవాడికి తెల్లారేసరికి దిగులు రెట్టింపు.

మూడోది, సెలవు రోజును అమ్ముకోవడం. ఇక్కడి ఉపాధి చట్టం ప్రకారం కూలీలకు వారానికి ఒక రోజు విశ్రాంతి ఇవ్వాలి. దానికి జీతం ఉండదు. యజమాని అడిగి ఆ రోజు సగం పూట దాటి పని చేయిస్తే రెండు రోజుల జీతం ఇవ్వాలి. మనంతట మనమే అడిగి చేస్తే ఒక రోజు జీతమే. అప్పున్నవాడు ఆ డబ్బు చూస్తాడు, కాదనను. నెలకు ఒకటో రెండో ఆదివారాలు చేయండి. నాలుగుకు నాలుగూ చేసినవాడికి వారం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియదు. అన్నీ సోమవారాలే.

సెలవు విలువ ఏమిటో మనకు కరోనా చెప్పింది. 2020 ఏప్రిల్‌లో డార్మిటరీలు మూతపడ్డాయి. బయటికి వెళ్లడానికి ఎగ్జిట్ పాస్ అక్కర్లేదన్నది 2022 జూన్‌లో. ఆ రెండేళ్లలో చాలాకాలం టెక్కా మార్కెట్ లేదు, ముస్తఫా లేదు, పెరుమాళ్ గుడి లేదు. అప్పుడు మనుషులు ఎలా అయిపోయారో చూశాం. కాబట్టి సెలవు రోజు గదిలో పడుకుని ఫోన్ చూస్తూ గడపకండి. పొద్దున్నే బట్టలు ఉతికేసి, నలుగురితో బయటికి నడవండి. గుడికో, చర్చికో, క్రికెట్‌కో. సాయంత్రం ఆరుకల్లా గదికి చేరి, సోమవారం వేసుకునే బట్టలు, షూ సర్దుకుని, కడుపునిండా తిని పడుకోండి.

ఇంత చెప్పడం మనసు బాగుండటం కోసం మాత్రమే కాదు. 2022లో సింగపూర్‌లో పని ప్రమాదాల్లో 46 మంది చనిపోయారు. ఆ ఏడాది సెప్టెంబర్ నుంచి 2023 మే దాకా ప్రభుత్వం ప్రత్యేక భద్రతా నిబంధనలు పెట్టాల్సి వచ్చింది. హార్నెస్ కట్టుకుని హుక్ తగిలించడం మరిచిపోవడానికి ఒక్క క్షణం చాలు. మనసు ఊళ్లో, కాలు పరంజా మీద ఉన్నవాడికి ఆ క్షణం ఎప్పుడైనా రావచ్చు.

అందుకే తోటి సూపర్‌వైజర్లకు, మేస్త్రీలకు ఒక మాట. సోమవారం మొదటి గంటలో తిట్టకండి. తిడితే మనిషి భయంతో కదులుతాడు, బుర్ర కదలదు. మీటింగ్‌లో 'రాత్రి ఎంతమంది సరిగ్గా నిద్రపోయారు?' అని అడగండి. నిజం చెప్పినవాణ్ని వెక్కిరించకుండా, ఆ పూటకు కింద రాడ్ కట్టే పనికో, మెటీరియల్ సర్దే పనికో పెట్టండి. ఎత్తు పని ఇంకొకరికి ఇవ్వండి. పని ఆగిపోతుందని పై వాళ్లు అంటారు. ప్రమాదం జరిగితే సైటే ఆగిపోతుందని చెప్పండి.

చివరగా ఒక తేడా తెలుసుకోవాలి. సోమవారం దిగులు మంగళవారానికి తగ్గాలి. రెండు వారాలైనా తగ్గకపోతే, తిండి సహించకపోతే, నిద్ర లేకపోతే, బతకడం ఎందుకు అనిపిస్తే అది సోమవారం దిగులు కాదు. అది జబ్బు, దానికి వైద్యం ఉంది. వలస కార్మికుల కోసం హెల్త్‌సర్వ్ సంస్థ 24 గంటలూ నడిపే ఫోన్ లైన్ ఉంది: 3129 5000. ఎస్ఓఎస్ వాళ్ల నంబర్ 1767. భాష ఇబ్బంది అయితే ఇంగ్లిషో తమిళమో వచ్చిన స్నేహితుణ్ని పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. పక్క మంచం తమ్ముడు నాలుగు రోజులుగా ఎవరితోనూ మాట్లాడకపోతే, 'ఏమైందిరా' అని మీరే అడగండి. అడిగినందుకు ఎవరూ తప్పు పట్టరు.

మనం పంపే ప్రతి డాలరూ మన ఒంటి మీద ఆధారపడి ఉంది. ఆ ఒంటికి వారానికి ఒక రాత్రి పూర్తి నిద్ర ఇవ్వడం కూడా ఇంటికోసం చేసే పనే. వచ్చే ఆదివారం రాత్రి పదింటికి ఫోన్ పక్కన పెట్టి చూడండి.