మన సభలు శాసనమండలిని ఏమి యడుగవలయును?

పట్టణసభ శాసనమునకు బిడ్డ. పన్ను విధించుటకును, కుళాయి వేయుటకును రాష్ట్రము చేసిన చట్టమే దానికి హద్దు. ఇట్టిచో ఏ చట్టమును ముందుగా మార్పింపవలయునో మార్కాపురము, గిద్దలూరు సభలు తామే తేల్చుకొనవలదా?

రాజ్యాంగపు 171వ అధికరణము శాసనమండలిలో ఇంచుమించు మూడవ వంతు స్థానములను స్థానిక సంస్థలకు విడిచినది. మన రాష్ట్రమున 58లో 20 అట్టివి. పురపాలక సభ్యులేగాక మండల పరిషత్తువారును ఓటర్లగుటచే యర్రగొండపాలెమునకును ఇందు పాలున్నది. ఎన్నికనాటి సందడి సమావేశముల ముందర కానరాదు. ఓటు పుచ్చుకొని వెళ్లినవారి చేతికి కోర్కెల కాగిత మిచ్చినవా రెవ్వరు?

ఆ కాగితమున ఇరువది కోర్కెలు వ్రాసినచో ఇరువదియు మూలబడును. ఒక్కటి చాలును: నీరు. 1992 నాటి 74వ సవరణ నీటి సరఫరాతోగూడ 18 విషయములను పట్టణసభల కప్పగించుటకు దారి తీసినది. కాని శాసనసభ "ఈయవచ్చు" ననినదేగాని "ఈయవలె" నన లేదు. ఈ రెండు మాటల నడుమ దూరమెంతయో న్యాయస్థానమున తిరుగు మాబోటివారి కెఱుకయే. ఫ్లోరైడు నీటిచే పండ్లు గారగట్టిన పిల్లల తల్లులకు అంతకంటె నెక్కువ యెఱుక.

పూల సుబ్బయ్యగారి పేరు దాల్చిన వెలిగొండ పథకమునకు 1996లో శంకుస్థాపన జరిగెను. సొరంగముల వెంట రావలసిన శ్రీశైలపు నీటిలో పట్టణముల కుళాయిల కెంత, అది యెవరి బాధ్యత, తప్పినచో ఎవరిని నిలదీయవలయును అనునది ఉత్తర్వులో గాక చట్టములో నుండవలయును. ఉత్తర్వును ఒక సంతకము మార్చును. చట్టమును మార్చుటకు సభ యెదుట చేయి యెత్తవలయును.

కావున ప్రతి సమావేశమునకు నెల ముందు సభామందిరపు తలుపులు తెఱచి, పౌరులు వినుచుండగా ఈ తీర్మానమును చదివి, పేరుపేరున ఓట్లు తీసి, ఆ పట్టికను పఠనాలయపు గోడ కంటింతురు గాక.