తేదీలు, పొడి అక్షరములు

ఎప్పుడు జరిగినది, ఎక్కడ జరిగినది అను రెండును వార్తకు ప్రాణములు. వీనిలో నేది తప్పినను తక్కిన వర్ణనమంతయు వ్యర్థము. అయినను మన పత్రికలలో మిక్కిలి యశ్రద్ధకు గురియగుచున్నవి యీ రెండేయని విచారముతో చెప్పవలసియున్నది.

తెలంగాణ రాష్ట్రావతరణ దినమును 2-6-2014 అని వ్రాయుదుము. మనకది జూన్ 2. అమెరికాలోని తెలుగు సోదరులు అచ్చటి వాడుకచొప్పున దానినే ఫిబ్రవరి 6గా చదువుదురు. అంతర్జాతీయ ప్రమాణసంస్థ 1988లో సంవత్సరము, నెల, తేది యను వరుసను నిర్ణయించినది ఇట్టి చిక్కును తొలగించుటకే. నెలపేరును అక్షరములతో వ్రాసినచో ఈ చిక్కు పుట్టనే పుట్టదు. ప్రభవ, విభవ యని సంవత్సరనామమును మాత్రమే వ్రాయుటయు చాలదు. అరువదియేండ్లకు ఆ పేరే మరల వచ్చును. ఇక వారపత్రికలో "నిన్న", "మొన్న" యన్నచో, పఠనమందిరమున పదిదినముల పిమ్మట ఆ సంచికను విప్పువానికి ఏది నిన్న?

ఊళ్లపేర్ల సంగతియు నిట్టిదే. "తూ. గో." అని వేసిన చాలునని చిరకాలము తలచితిమి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశమున 13 జిల్లాలు 26 అయినవి. కాకినాడ, అమలాపురము తూర్పుగోదావరినుండియు, ఏలూరు పశ్చిమగోదావరినుండియు వేరుపడినవి. నాటి పొడి అక్షరములు నేటి పటమునకు పొసగవు. గన్నవరమన్నచో విజయవాడ చెంతనున్నదియా, కోనసీమలోని పి. గన్నవరమా? ఆ యొక్క అక్షరము జారినచో వార్త జిల్లాలు దాటిపోవును.

"స్థలము చాలదు" అని అచ్చుకూటమువారు మొఱపెట్టుదురు. నిజమే. కాని వేలము తేదియో, దరఖాస్తు గడువో పొరపాటుగా చదివి నష్టపోయినవానికి మనము మిగుల్చుకొన్న అరపంక్తి యేమి పరిహారమిచ్చును? ఈ దోషములో మాకును పాలు కలదని యొప్పుకొనుచున్నాము.

కావున ఇకమీదట మా పత్రికలో తేది, నెలపేరు, సంవత్సరము పూర్తిగా నుండును. ఊరిపేరు మొదటిమారు జిల్లాతోకూడ సంపూర్ణముగా నుండును. పొడి అక్షరములు ఆ పిమ్మటనే. మేము తప్పినచో పాఠకమహాశయులు నిర్మొగమాటముగా జాబు వ్రాయుదురు గాక.

పత్రిక నేటివానికి వార్త, రేపటివానికి సాక్ష్యము. దినమును, ఊరును తడబడుచు చెప్పు సాక్షిని ఎవరు నమ్ముదురు?