మోతీనగర్ ముచ్చట్లు – 14: మేకప్

మా కింది పోర్షన్‌లో ఉండే తమ్ముడు సినిమాల్లో మేకప్ అసిస్టెంట్. తెల్లారకముందే కృష్ణానగర్ పోయి ప్రొడక్షన్ బండి ఎక్కుతాడు. అతని బిడ్డ ఇంటర్ సెకండియర్. నిన్న రాత్రి ఇంగ్లిష్ పుస్తకం పట్టుకుని పైకొచ్చింది. "పెద్దనాన్నా, మేకప్ అంటే మేకప్పే కదా? ఇండ్ల ఆరు అర్థాలిచ్చిండ్రు." నేను తెలుగు సారును తల్లీ అంటే వింటేనా.

మనకూ ఈ తిప్పలుంది. నిద్ర పడుతుంది, తుప్పు పడుతుంది, చలి పడుతుంది, పెళ్లిచూపుల్లో ఈడూ జోడూ కుదిరితే ముహూర్తం పడుతుంది. పడేదేంటో కొత్తగా నేర్చుకునేవాడికి చెప్పి చూడండి! మేక్, అప్ కూడా అంతే. విడిగా పసిపిల్లలకూ తెలుసు. కలిస్తే మాత్రం ఎటు తిరుగుతాయో తెలీదు.

మొదటి అర్థం వాళ్ల నాన్న చేసే పని. 1938లో 'మాలపిల్ల' వచ్చింది. చలం కథ, తాపీ ధర్మారావు మాటలు, గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వం. ఆ కాలానికి ధైర్యమైన సినిమానే, కాదనను. కానీ మాలపిల్లగా తెర మీదికొచ్చింది అప్పటి అందాల తార కాంచనమాల. ఎనభై ఏళ్లు గడిచాయి. 'రంగస్థలం' (2018)లో సమంతకు, 'పుష్ప' (2021)లో అల్లు అర్జున్‌కు రంగు తగ్గించారు. పల్లె, కూలి, పేదరికం అనగానే తెల్లటి స్టార్‌కు నల్లరంగు పూస్తారు. పుట్టుకతో ఆ రంగున్న పిల్ల వెనక గుంపులో నిలబడుతుంది. తమ్ముడే ఒకసారి అన్నాడు: "హీరోకు మన రంగు పూస్తనన్నా, మన రంగున్న జూనియర్ ఆర్టిస్టుకు తెల్లది పూస్తా. జీతం మాత్రం ఒకటే." నవ్వాను గానీ, రాత్రి నిద్ర పట్టలేదు.

(ఆ పనిలోకి ఆడపిల్లల్ని రానివ్వని యూనియన్ నిబంధన చెల్లదని సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. చారు ఖురానా కేసు, 2014. పిల్లకు ఇది కూడా చెప్పా.)

రెండో అర్థం, లేనిది కల్పించడం. ఈ మాట దగ్గర నాకు గొంతు పెగల్లేదు. అట్రాసిటీ కేసు పెట్టిన ప్రతి మాల మాదిగ ఇంటికీ ముందు తగిలే మాట ఇదే: కల్పించిన కేసు. 2018 మార్చి 20న సుప్రీంకోర్టు కూడా చట్టం దుర్వినియోగం అవుతోందని వెంటనే అరెస్టు వద్దంది. ఏప్రిల్ 2న దేశం రోడ్డెక్కింది. పార్లమెంటు ఆగస్టులో చట్టం సవరించింది, 2019 అక్టోబరు 1న ఆ కోర్టే తన ఆదేశాలు వెనక్కి తీసుకుంది. కేసు వీగిపోతే అది కల్పితం అనుకునేవాళ్లు చుండూరు గుర్తుచేసుకోవాలి. 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు. 2014లో హైకోర్టు అందర్నీ నిర్దోషులంది. మరి ఆ ఎనిమిది శవాలు ఎవరి కల్పన?

రాజీపడటం, నష్టం పూడ్చటం, ఈ రెండూ నాకు ఒకేసారి అర్థమయ్యాయి. మా ఊళ్లో టీ కొట్టు దగ్గర మా నాయినను కొట్టినోడు పెద్దమనుషుల ముందు రెండు వేలు పెట్టాడు. "సర్దుకుపోండ్రా" అన్నారు. మా అమ్మ ఆ డబ్బు ముట్టలేదు. ఇంగ్లిష్ పుస్తకంలో ఈ ఉదాహరణ లేదు.

ఐదోది, ఒకదానిలో భాగంగా ఉండటం. పిల్ల అడిగింది: "మనమెంతమందిమి?" 2011 లెక్కల్లో దేశంలో ఎస్సీలు 16.6 శాతం అన్నా. వెంటనే ఇంగ్లిష్‌లో వాక్యం రాసేసింది, ఎక్కడా తప్పు లేదు. "సినిమా వాళ్లలో ఎంతమందిమి పెద్దనాన్నా?" అంది. తెర మీదా, తెర వెనకా? అని నేనే ఎదురడిగా. ఈలోగా కింద తలుపు చప్పుడైంది. వాళ్ల నాన్న వచ్చాడు. గోళ్ల సందుల్లో ఇంకా గోధుమరంగు క్రీమే.

ఆరోదానికి వాక్యం మిగిలిపోయింది. మనసులో ఒక నిర్ణయానికి రావడమట. డిగ్రీలో ఏ గ్రూపు తీసుకోవాలో తేలాక రాస్తానని పుస్తకం మూసింది.