రాజీనామా ముందా, మెడికల్ సర్టిఫికెట్ ముందా? పలమనేరు కుటుంబానికి ఆ తేడా ఎంత

పలమనేరు నుంచి ఫ్యాక్టరీ పనికి పోయే కుర్రాళ్లు ఎక్కువగా రెండు వైపులకు బస్సెక్కుతారు. చిత్తూరు వైపు పోతే బంగారుపాళ్యం మండలంలోని పరిశ్రమలు. సరిహద్దు దాటి కర్ణాటక వైపు పోతే కోలారు, నరసాపుర, ఆ పైన బెంగళూరు. జీతాలు పదిహేను వేలకు, ఇరవై వేలకు మధ్య. ఆ జీతం వస్తున్నంత కాలం పే స్లిప్‌లో ఈఎస్‌ఐ కింద ఎంత కట్ అవుతోందని ఎవరూ పెద్దగా చూసుకోరు. ఒళ్లు చెడిన రోజున అదే కాగితం కోసం ఇల్లంతా వెతుకుతారు.

ఒక కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకుందాం. మనుషులు ఊహే గానీ లెక్కలు నిజమైనవి. భర్తకు ముప్పై ఏళ్లు, మెషిన్ ఆపరేటర్, నెలకు రూ.18,000. భార్య ఇంటి దగ్గరే. ఇద్దరు పిల్లలు బడికి పోతున్నారు. టౌనులో అద్దె ఇల్లు. అతనికి కిడ్నీ జబ్బు అని తేలింది. నెలలో పది రోజులు డ్యూటీకి పోలేకపోయాడు. అదే సమయంలో ఆర్డర్లు తగ్గాయని కంపెనీ మనుషులను తగ్గిస్తోంది. ఆఫీసులో పిలిచి మర్యాదగానే చెప్పారు: "ఎట్లా నీకు ఒంట్లో బాగలేదు కదా, రాజీనామా రాసిచ్చేయ్, సెటిల్‌మెంట్ తొందరగా చేసేస్తాం."

సెటిల్‌మెంట్ తొందరగా వస్తుందంటే ఆసుపత్రి ఖర్చులకు పనికొస్తుందని అతను సంతకం పెట్టేస్తాడు. ఎక్కువమంది చేసేది ఇదే. నష్టం మొదలయ్యేదీ ఇక్కడే.

మన దేశంలో సాయం అసలే లేదని కాదు. కాకపోతే జబ్బుకు ఒక గుమ్మం, ఉద్యోగం పోయినందుకు ఇంకో గుమ్మం, పేదరికానికి మూడోది. రెండు కష్టాలు కలిసి వచ్చినప్పుడు ముందు ఏ గుమ్మం తట్టారన్నదాన్ని బట్టి చేతికొచ్చే డబ్బు మారిపోతుంది. ఈ వరస ఏ బోర్డు మీదా రాసి ఉండదు.

ముందు ఈఎస్‌ఐ సంగతి. నెల జీతం రూ.21,000 లోపు ఉంటే ఇది వర్తిస్తుంది. ఆ పరిమితి 2017 జనవరి నుంచి అట్లాగే ఉంది. ధరలు పెరిగాయి, జీతాలు కాస్త పెరిగాయి, పరిమితి మాత్రం కదల్లేదు. వెయ్యి, రెండు వేలు ఇంక్రిమెంట్ వచ్చి గీత దాటినవాడు ఆ నడుస్తున్న ఆరు నెలలు ముగిశాక ఈఎస్‌ఐకి బయటివాడైపోతాడు. మన ఉదాహరణలో కార్మికుడి వాటా 0.75 శాతం, అంటే నెలకు రూ.135. యజమాని వాటా 3.25 శాతం, రూ.585. మొత్తం రూ.720. ఇది దానం కాదు, పాలసీ ప్రీమియం లాంటిది.

దానికి ప్రతిగా వచ్చేది ఏమిటి? ఆరు నెలల కాంట్రిబ్యూషన్ కాలంలో కనీసం 78 రోజులకు చందా కట్టి ఉంటే, జబ్బుతో పనికి పోలేని రోజులకు జీతంలో 70 శాతం ఇస్తారు. ఏడాదిలో 91 రోజుల వరకు. రోజుకు రూ.600 జీతం అనుకుంటే రూ.420 వస్తుంది. 91 రోజులకు రూ.38,220. జబ్బు దీర్ఘకాలికమైతే ఇంకో మెట్టు ఉంది. క్షయ, క్యాన్సర్, కిడ్నీ వైఫల్యం వంటి 34 జబ్బులకు జీతంలో 80 శాతం, వైద్యులు సిఫారసు చేస్తే రెండేళ్ల వరకు కూడా ఇస్తారు. అంటే నెలకు సుమారు రూ.14,400. షరతు ఏమిటంటే రెండేళ్లు వరసగా ఈఎస్‌ఐ ఉన్న ఉద్యోగంలో ఉండాలి, గడిచిన నాలుగు కాంట్రిబ్యూషన్ కాలాల్లో కనీసం 156 రోజుల చందా ఉండాలి. అద్దె ఇంట్లో ఉండే కుటుంబానికి నెలకు పద్నాలుగు వేలంటే పిల్లలు బడి మానకుండా నిలిచే మొత్తం.

ఈ డబ్బు ఈఎస్‌ఐ డాక్టరు ఇచ్చే సర్టిఫికెట్ మీద నడుస్తుంది. వేలూరులోనో తిరుపతిలోనో పెద్దాసుపత్రి రిపోర్టులు ఎన్ని ఉన్నా, ఆ సర్టిఫికెట్ వరస తెగితే క్లెయిమ్ ఆగిపోతుంది. సర్టిఫికెట్ తీసుకుని, సెలవు చీటీ ఆఫీసులో ఇచ్చి, రసీదు దగ్గర పెట్టుకున్నవాడి పరిస్థితి వేరు. 1948 నాటి ఈఎస్‌ఐ చట్టం 73వ సెక్షన్ ఒక మాట గట్టిగా చెప్పింది: అనారోగ్య భత్యం తీసుకుంటున్న కాలంలో ఆ ఉద్యోగిని యజమాని తీసేయకూడదు, శిక్షించకూడదు. కానీ తనంతట తానే రాజీనామా రాసిచ్చినవాడిని ఎవరూ తీసేయలేదు కదా! అతనికి ఆ సెక్షన్ గొడుగు పట్టదు. అందుకే రాజీనామా కాగితం ముందుకు తోస్తారు.

పారిశ్రామిక వివాదాల చట్టం, 1947 దగ్గర కూడా ఇలాంటి మెలికే ఉంది. పని తగ్గిందని కార్మికుడిని తీసేస్తే నెల నోటీసు, పని చేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం ఇవ్వాలి. అయితే ఆ చట్టం ఎడతెగని అనారోగ్యం వల్ల తొలగించడాన్ని రిట్రెంచ్‌మెంట్ లెక్కలోంచి తప్పించింది. ఒకే మనిషి, ఒకే రోజు, ఒకే కంపెనీ. ఉత్తర్వులో "పని లేదు" అని రాస్తే పరిహారం వస్తుంది, "ఆరోగ్యం బాగలేదు" అని రాస్తే రాదు. రాజీనామా అయితే అసలు ప్రశ్నే లేదు. 2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చి ఈ పాత చట్టాల స్థానం తీసుకున్నాయి. రిట్రెంచ్ అయిన కార్మికుడికి 15 రోజుల వేతనం రీస్కిల్లింగ్ నిధి నుంచి 45 రోజుల్లో ఖాతాలో వేయాలని కొత్త కోడ్ అంటోంది. కాబట్టి ఇప్పుడు అర్జీ రాసేవాళ్లు ఏ చట్టం, ఏ సెక్షన్ అన్నది లాయరుతో సరిచూసుకుని రాయాలి. కాగితం మీద తొలగింపుకు ఏ కారణం రాశారన్న ప్రశ్న మాత్రం ఎప్పుడూ ముఖ్యమే.

సంతకం పెట్టేశాక ఇంకేమీ మిగల్లేదా? మిగిలింది. చాలామందికి తెలియనిది ఇదే. ఉద్యోగం పోయిన రోజే ఈఎస్‌ఐ కార్డు చెల్లకుండా పోదు. ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబరు 30 వరకు కట్టిన చందాకు లాభం వచ్చే కాలం, ఆ తర్వాతి జనవరి 1 నుంచి జూన్ 30 వరకు. అక్టోబరు నుంచి మార్చి వరకు కట్టినదానికి జులై నుంచి డిసెంబరు. మన ఆపరేటర్ ఏప్రిల్–సెప్టెంబరు మధ్య 78 రోజులు దాటి చందా కట్టి, అక్టోబరులో ఉద్యోగం పోగొట్టుకున్నాడనుకోండి. అతనికీ భార్యాపిల్లలకూ వచ్చే ఏడాది జూన్ 30 దాకా వైద్యం హక్కు ఉంటుంది. ఇది తెలియక అక్టోబరులోనే నగలు తాకట్టు పెట్టేస్తే ఎవరిని అనాలి?

కర్ణాటకలో పనిచేసి కుటుంబాన్ని పలమనేరులో ఉంచినవాళ్లకు ఇంకో వీలుంది. ఈఎస్‌ఐ నంబరు దేశమంతా ఒకటే. కార్మికుడికి ఒక డిస్పెన్సరీ, కుటుంబానికి వాళ్లున్న చోటుకు దగ్గరగా మరో డిస్పెన్సరీ ఎంచుకోవచ్చు. కాంట్రాక్టరు కింద పనిచేసేవాళ్లు మాత్రం మొదట చూసుకోవాల్సింది తమ పేరు మీద చందా నిజంగా జమ అవుతోందా అన్నది. జీతంలో కోసి కార్యాలయానికి కట్టని కాంట్రాక్టర్లు లేకపోలేదు. అట్లాంటప్పుడు అసలు కంపెనీ, అంటే ప్రిన్సిపల్ ఎంప్లాయర్, బాధ్యత వహించాలని ఈఎస్‌ఐ చట్టం 40వ సెక్షన్ పెట్టింది.

ఇక ఉద్యోగం పోయినందుకు ఇచ్చే సాయం. 2018లో మొదలైన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కింద పని పోయిన ఈఎస్‌ఐ కార్మికుడికి సగటు రోజు సంపాదనలో సగం, 90 రోజుల వరకు ఇస్తారు. మొదట పావు వంతే ఉండేది, కోవిడ్ కాలంలో సగానికి పెంచారు. మన లెక్కలో రోజుకు రూ.300, మొత్తం రూ.27,000. జీవితంలో ఒక్కసారే. తాత్కాలిక పథకంగా పెట్టి పొడిగిస్తూ వస్తున్నారు గనుక, క్లెయిమ్ వేసే ముందు అమల్లో ఉందా అని ఈఎస్‌ఐ టోల్ ఫ్రీ 1800-11-2526లో అడగడం మేలు. ఇందులో ఒక షరతు ఉంది: ఒకే కాలానికి ఈ సాయమూ, మరో నగదు భత్యమూ కలిపి ఇవ్వరు. జబ్బు, నిరుద్యోగం రెండూ ఉన్నా డబ్బు ఒకదానికే. రూ.420 లేదా రూ.480 వచ్చే దారి తెరిచి ఉండగా రూ.300 దారిలోకి పోవడం తెలివి కాదు. అనారోగ్య భత్యం అయిపోయాక, ఇంకా పని దొరక్కపోతే, అప్పుడు దీని అర్హత చూసుకోవాలి.

పీఎఫ్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, దాని సంగతి అందరికీ తెలుసు. వైద్యానికి తీసుకునే అడ్వాన్సు తిరిగి కట్టక్కర్లేదు. ఉద్యోగం పోతే 75 శాతం వెంటనే, మిగతా 25 శాతం ఏడాది ఆగాక అని ట్రస్టీల బోర్డు 2025 అక్టోబరులో నిర్ణయించింది. కంపెనీ డేట్ ఆఫ్ ఎగ్జిట్ నమోదు చేయకుండా తిప్పుతుంటే, చివరి చందా పడిన రెండు నెలలకు కార్మికుడే పోర్టల్‌లో నమోదు చేసుకోవచ్చు. తెలియాల్సింది ఇంకొకటుంది. ఉద్యోగంలో ఉండగానే శాశ్వతంగా, పూర్తిగా పని చేయలేని స్థితికి వస్తే ఈపీఎస్ పింఛనుకు పదేళ్ల సర్వీసు అక్కర్లేదు, ఒక్క నెల చందా ఉన్నా చాలు. "ఉద్యోగంలో ఉండగా" అన్న మాట గమనించండి. తొందరపడి ఇచ్చిన రాజీనామా ఇక్కడ కూడా అడ్డం వస్తుంది.

రాష్ట్రం వైపు చూస్తే, ఆసుపత్రి ఖర్చుకు ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది. ఏడాదికి రూ.5 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు రూ.25 లక్షల వరకు. మన కుటుంబం ఉద్యోగం ఉన్నప్పుడు కూడా ఏడాదికి రూ.2.16 లక్షలే, కాబట్టి ఆదాయం అడ్డు కాదు. అడ్డు వేరే చోట వస్తుంది. 2025 అక్టోబరులో బకాయిల కోసం నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేసినప్పుడు, కార్డు చేతిలో ఉన్నా మంచం దొరకని పరిస్థితి వచ్చింది. పోయే ముందు ఆ ఆసుపత్రి, ఆ చికిత్స జాబితాలో ఉన్నాయో లేదో ఫోన్ చేసి కనుక్కోవాలి. పలమనేరు జనం అలవాటుగా సరిహద్దు దాటి వైద్యానికి పోతుంటారు గనుక ఇది మరీ అవసరం.

వైద్యానికి కార్డు ఉంది, ఇల్లు గడవడానికి? డయాలసిస్ దాకా వెళితే ఎన్టీఆర్ భరోసా కింద నెలకు రూ.10,000 పింఛను ఉంది. మంచానికే పరిమితమైనవాళ్లకు 2024 జులై నుంచి రూ.15,000. ఈ రెంటికీ మధ్యలో ఉన్నవాడికి, అంటే మందులు వాడుతూ, నీరసంగా, భారీ పని చేయలేక, అట్లాగని మంచాన పడకుండా ఉన్న మనిషికి, పెద్దగా ఏమీ లేదు. జబ్బు బాగా ముదిరితే తప్ప పింఛను రాదు. ముదరకుండా చూసుకోవడానికి కావలసిన విశ్రాంతికి డబ్బు ఇచ్చేది ఈఎస్‌ఐ ఒక్కటే. రాజీనామాతో తెంచుకునేది దాన్నే.

పైగా పింఛను, రైస్ కార్డు అర్హత చూసే ఆరు అంచెల పరిశీలన నిన్నటి మనిషిని చూస్తుంది, ఇవాళ్టి మనిషిని కాదు. పట్టణంలో నెలకు రూ.12,000, పల్లెలో రూ.10,000 ఆదాయం దాటకూడదు. కరెంటు 300 యూనిట్లు దాటకూడదు. ఇంట్లో ఎవరికీ నాలుగు చక్రాల బండి, ప్రభుత్వ ఉద్యోగం ఉండకూడదు. ఒకే మీటరు మీద రెండు కాపురాలున్న అద్దె ఇల్లయితే యూనిట్లు ఎవరి ఖాతాలో పడుతున్నాయో చూసుకోవాలి. పెళ్లయి ఏడెనిమిదేళ్లయినా అమ్మానాన్నల కార్డులోనే పేరు ఉంచుకున్న జంటలకు ఇంకో చిక్కు. అన్నకు కారుంటే తమ్ముడి అర్జీ కూడా ఆగుతుంది. కార్డుల విభజన, కొత్త కార్డుల దరఖాస్తులను ప్రభుత్వం 2025 మేలో మళ్లీ తీసుకోవడం మొదలుపెట్టింది. ఒళ్లు బాగున్నప్పుడే చేయించుకోవాల్సిన పని ఇది. పని పోయాక కొత్త ఆదాయ ధ్రువపత్రానికి కూడా వెంటనే అర్జీ పెట్టాలి. పాత జీతం అంకె రికార్డులో ఉన్నంత కాలం మిగతా కాగితాలన్నీ దాన్నే చూపిస్తాయి.

పిల్లల చదువుకు తల్లికి వందనం ఉంది. ఒక్కో బిడ్డకు రూ.15,000లో తల్లి ఖాతాలో పడేది రూ.13,000, ఏడాదికి ఒకసారి, 75 శాతం హాజరు ఉంటేనే. నాన్నకు తోడుగా ఆసుపత్రిలో పిల్లవాడిని కూర్చోబెడితే ఆ హాజరు కూడా పోతుంది. ఉపాధి హామీ పని పల్లెలకే. పక్కనే గంగవరం మండలంలోని పల్లెలో ఉన్న బంధువుకు ఆ పని అడిగే హక్కుంటుంది, పలమనేరు మున్సిపాలిటీలో ఉన్న ఈ కుటుంబానికి ఉండదు. 2018లో వచ్చిన యువనేస్తం భృతి కూడా డిగ్రీ, డిప్లొమా చదివి ఉద్యోగం వెతుకుతున్నవాళ్ల కోసం పెట్టింది, ఉన్న ఉద్యోగం పోగొట్టుకున్న ఆపరేటర్ కోసం కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1952లోనే అనారోగ్యం, నిరుద్యోగం సహా తొమ్మిది కష్టాలకు కనీస రక్షణ ఉండాలని 102వ ఒడంబడిక చేసింది. భారతదేశం దాన్ని ఇంతవరకు ఆమోదించలేదు.

వలంటీర్లు ఉన్న రోజుల్లో కాగితం ఇంటికొచ్చేది. ఇప్పుడు సచివాలయానికి మనమే పోవాలి, లేదా మన మిత్ర వాట్సాప్ నంబరు 9552300009లో కొన్ని సేవలు చేసుకోవాలి. సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్ ఉంటుంది, 1100కు ఫోన్ చేయవచ్చు. ఉర్దూను రాష్ట్రంలో రెండో అధికార భాషగా గుర్తిస్తూ 2022లో చట్టం వచ్చింది. అయినా ఈఎస్‌ఐ, పీఎఫ్ పోర్టళ్ల భాష ఇంట్లో మాట్లాడే ఉర్దూకూ తెలుగుకూ రెంటికీ దూరమే. నెట్ సెంటర్ కుర్రాడు ఏ గడి నొక్కితే అదే క్లెయిమ్ అవుతోంది. ఉద్యోగం వదలడానికి కారణం దగ్గర ఏ గడి నొక్కుతున్నాడో పక్కన కూర్చుని అడిగి చూడాలి.

సంతకం అప్పటికే అయిపోయి ఉంటే, అది బలవంతంగా చేయించినదని రాతపూర్వకంగా వెంటనే తెలియజేయాలి. పోస్టు రసీదు ఉండాలి. నెలలు గడిచాక ఆ మాట చెబితే నమ్మేవాళ్లు తక్కువ. లాయరు ఫీజు భయం కూడా అక్కర్లేదు. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం పారిశ్రామిక కార్మికుడికి, మహిళకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. నంబరు 15100. భర్త ఆసుపత్రిలో ఉంటే భార్యే అక్కడికి పోయి అడగవచ్చు. పోయేటప్పుడు ఆమె చేతిలో ఉండాల్సినవి: ఈఎస్‌ఐ నంబరు, యూఏఎన్ నంబరు, చివరి ఆరు నెలల పే స్లిప్‌లు, మొదటి మెడికల్ సర్టిఫికెట్, కంపెనీ ఇచ్చిన ప్రతి కాగితం జిరాక్సు.