అందరెరిగిన మొక్క

18వ శతాబ్దపు ఇంగ్లండులో మిక్కిలి ప్రచారము వహించి, 1721లో తొలిసారి వెలువడినది మొదలు పెక్కు ముద్రణములు పొందిన నథానియల్ బెయిలీ నిఘంటువు, కుక్క అనగా నేమని అడిగిన పాఠకునకు, అది అందరెరిగిన చతుష్పాదమని మాత్రము చెప్పి ఊరకుండెను. నిఘంటుకారుని కలమునుండి వెలువడదగని మాట ఏదైన నున్నచో అది ఇదియే యని నా దృఢవిశ్వాసము. 1604లో రాబర్ట్ కాడ్రీ వెలయించిన చిన్న నిఘంటువు కఠినపదములకే పరిమితమైనది. నిజమునకు కఠినపదమునకు అర్థము వ్రాయుటకంటె నిత్యము కాలిక్రింద నలుగు గడ్డిమొక్కకు వ్రాయుట కష్టతరము. నేడు అందరెరిగినది రేపు ఎవ్వరు నెరుగనిది కావచ్చును; అప్పుడు మాట గ్రంథములలో నిలిచియుండియు దాని వస్తువు పాఠకునకు దక్కదు.

‘ప్లాంటెయిన్’ అను పదమునే చూడుడు. షేక్స్పియరు రచించిన ‘రోమియో జూలియట్’ మొదటి అంకమున, కాలికి తగిలిన దెబ్బకు ప్లాంటెయిన్ ఆకు మంచి మందని రోమియో పలుకును. ఆ ఘట్టము చదువు తెలుగు విద్యార్థికి తటాలున స్ఫురించునది అరటియాకు. అందు అతని తప్పేమియు లేదు. రోమియో చెప్పిన మొక్క వేరు. అది బాటల ప్రక్కను, మనుష్యులును పశువులును త్రొక్కిన గట్టినేలయందును పెరుగును. వెడల్పైన ఆకులు నేలను కరచుకొని చుట్టును పరచుకొనును. ఆకు మొదటినుండి కొనవరకు ఈనెలు ప్రక్కప్రక్కగా సాగును. కాడవద్ద మెల్లగా త్రుంచినచో ఆ ఈనెలు తెగక దారపు పోగులవలె వెంటవచ్చును. నడుమనుండి సన్నని పచ్చని కంకి నిట్టనిలువుగా లేచును. ప్రాచీనాంగ్లమున దీని పేరు బాటప్రక్క వెడల్పాకు అను భావమిచ్చునది. సుమారు వేయేండ్లనాటి ‘నవమూలికా మంత్రము’ న దీనికి ఓషధులలో మాతృస్థానము లభించినది. ప్లాంటెయిన్ అను పేరు అరికాలిని చెప్పు లాటిను పదమునుండి తరువాత వచ్చినది. అరటిజాతికి చెల్లు ప్లాంటెయిన్ స్పానిషు భాషనుండి దిగుమతియైనది. ఈ రెంటికిని చుట్టరికము లేదు. ఒకే ధ్వనిలో రెండు మొక్కలు కలిసిపోగా, అరటి యెరిగిన దేశములలో ఆ బాటప్రక్క మూలిక మరుగుపడినది.

‘కార్న్’ గతియు నట్టిదే. 1611 నాటి ఆంగ్ల బైబిలులో క్రీస్తు శిష్యులు విశ్రాంతిదినమున త్రుంచిన కార్న్ కంకులు మొక్కజొన్నవి కావు. క్రీస్తునాటికి ఆ ధాన్యము అమెరికాఖండమునుండి ఇంకను రావలసియే యుండెను. అచట ఆ పదము ధాన్యమాత్రవాచకము. ‘డీర్’ ఒకప్పుడు సర్వజంతువులకును, ‘మీట్’ సమస్తాహారమునకును పేర్లు. పూర్తిగా గతించిన పదము చదువరిని నిలిపి నిఘంటువు తీయించును. అర్థము మారి బ్రతికియున్న పదము అనుమానమైనను కలిగింపక తప్పుదారి పట్టించును.

1755లో సామ్యూల్ జాన్సన్ రెండు బృహత్సంపుటములలో 42,773 పదములకు అర్థములు వ్రాసినపుడు, మొక్కలవద్దకు వచ్చి, చెల్సీ ఓషధివనమును పాలించిన ఫిలిప్ మిల్లరు గ్రంథమును పలుచోట్ల ఆశ్రయించెను. మహాపండితుడు తనకు తెలియనిచోట తోటమాలి ననుసరించుట నాకు ఆయన పాండిత్యముకంటె నెక్కువ గౌరవపాత్రముగా తోచును. 1857లో సంకల్పింపబడి, 1884లో తొలిభాగము వెలువడి, ప్రధానసంపాదకుడగు జేమ్స్ మరే 1915లో గతించిన పిమ్మట 1928లో పూర్తియైన ఆక్స్‌ఫర్డు మహానిఘంటువు, వాడుకతప్పిన పదమునకు కటారి గుర్తు పెట్టినదే కాని దానిని వెలివేయలేదు. 18 లక్షలకు పైబడిన ప్రయోగములతో ఆ పదము ఏయేట పుట్టినదో, ఎవరి రచనలో కడపట కనబడినదో చూపినది.

అట్టి పరంపరగల ఆక్స్‌ఫర్డుననే 2007లో బాలుర నిఘంటువునుండి ఐవీ, ఫెర్న్, బ్లూబెల్, డాండిలయన్ మున్నగు పేర్లు తొలగి, బ్లాగ్, బ్రాడ్‌బాండ్ వంటివి చేరినవి. 2015లో మార్గరెట్ అట్‌వుడ్ మొదలుగా 28 మంది రచయితలు దీనిని బహిరంగలేఖలో నిరసించిరి. నేటి బాలుర జీవితమునకు తగిన మాటలకు చోటు కావలయునను సమర్థనము నాకు సమ్మతము కాదు. కొత్తమాటను ఆ బాలుడు ఇంటనే నేర్చుకొనును. డాండిలయన్ పేరును అతనికి చెప్పువారు కరవగుచున్నారు గనుకనే నిఘంటువు చెప్పవలెను.

మన నిఘంటువులందును ‘వృక్షవిశేషము’, ‘ఓషధివిశేషము’ అను రెండు మాటలతో ఎన్ని మొక్కలు సమాధియైనవో! ఈ విషయమున తెలుగు నిఘంటువు కూర్చిన బ్రౌను దొర కొంత మేలు. సామర్లకోటలో పనిచేసి కోరమాండల్ తీరపు మొక్కలను తెలుగు పేర్లతో ప్రకటించిన రాక్స్‌బరో కృషి ఆయనకు తోడ్పడినది. ఉత్తరేణి యనగా అపామార్గము, అపామార్గమనగా ఉత్తరేణి యని వ్రాసి చేతులు దులుపుకొనుట అర్థము చెప్పుట కాదు. నిలువుగా సాగు కంకిపై క్రిందికి వంగి అంటియుండు ములుకుగింజలు గలదనియు, అవి దాటిపోవువాని పంచెయంచును పట్టుకొని వెంటవచ్చుననియు, వినాయకచవితి పత్రిలో దీని యాకు చేరుననియు, ఏ సీమలో దీని నేమని పిలుతురనియు వ్రాయవలెను. మొక్కను చూపి పేరు చెప్పగల పెద్దలు ఊళ్లలో నింకను ఉన్నారు. వారివద్దకు పోయి, పొలముగట్లవెంట నడచి, మన నిఘంటుకారు లీ పనిని ఇప్పుడే చేయవలసియున్నది.