రెండు బిళ్లలు, ఒకటే చప్పుడు

తెలుగు మేష్టారికి బాణాలు కొత్త కాదు. కురుక్షేత్రం పద్దెనిమిది రోజులూ ఆయన క్లాసులోనే జరుగుతుంది. ఆ ధీమాతోనే కాబోలు, ఇంటర్మీడియెట్ చదువుతున్న మా అమ్మాయి మొన్న ఒక ప్రశ్న వేస్తే తడుముకోకుండా జవాబు చెప్పేశాను.

"నాన్నా! మేడమీదనుంచి ఒక రాయిని వూరికే జారవిడిచి, అదే క్షణాన అదే యెత్తునుంచి ఇంకొకదాన్ని నేలకు సమాంతరంగా విసిరితే, ఏది ముందు కింద పడుతుంది?"

జారవిడిచిందే ముందన్నాను. విసిరిన రాయి బోలెడు దూరం పోవాలి గదా! పిల్ల అదే పరీక్షలో రాసింది, సున్నా తెచ్చుకుంది. "నువ్వు చెప్పావని రాశాను నాన్నా" అని మాత్రం అంది. దెబ్బలాడినా బాగుండేది.

ఆ రాత్రి దాని పుస్తకం ముందేసుకు కూర్చున్నాను. బల్ల అంచున ఒక రూపాయి బిళ్ల, పక్కగా బయటికి చాచిన స్కేలు కొసమీద మరొకటి పెట్టి, స్కేలును అడ్డంగా ఒక్క దెబ్బ కొట్టాను. అంచున వున్న బిళ్ల ఎగిరి గోడవైపు పోయింది. స్కేలుమీది బిళ్ల వున్నచోటనే నిలువుగా పడింది. కళ్లు మూసుకుని విన్నాను. ఒకటే చప్పుడు! నమ్మలేక పదిసార్లు చేశాను. మా ఆవిడ లేచి వచ్చి, డబ్బులు లెక్క పెట్టుకునే వేళా ఇది అంది.

నాకు తోడు పెద్దవాళ్లే వున్నారు లెండి. ఫిరంగి గుండు తిన్నగా పోయి, ఒక వంపు తిరిగి, ఆపైన నిలువుగా పడుతుందని టార్టాలియా అనే ఇటలీ గణితజ్ఞుడు 1537లో పుస్తకమే రాశాడు. చిక్కుముడి విప్పినవాడు గెలీలియో. ముందుకు పోవడం వేరు, కిందికి పడడం వేరు. ఒకదాని పని మరొకటి చెడగొట్టదు. ముందుకు పోయే దూరం ప్రతి సెకండుకూ ఒకటే. పడే దూరం మాత్రం మొదటి సెకండు చివరకు సుమారు 5 మీటర్లు, రెండో సెకండు చివరకు 20, మూడోదాని చివరకు 45. ఈ రెండూ కలిస్తే వచ్చే వంపునే పరావలయం అంటారు. (గాలి అడ్డును లెక్కలోకి తీసుకోకపోతేనే సుమండీ. ఈకను విసిరి నన్ను నిలదీయకండి.) ఈ సంగతి చెప్పిన గ్రంథం 1638లో హాలెండులోని లైడెన్‌లో అచ్చయింది. అప్పటికి గెలీలియో స్వదేశంలో గృహనిర్బంధంలో వున్నాడు. చూపు కూడా పోయింది.

తెల్లవారి అమ్మాయిని పిలిచి బిళ్లల చప్పుడు వినిపించాను. తప్పు ఒప్పుకున్నాను. అది కాసేపు వూరుకుని, "అయితే ఇది చెప్పు. కొమ్మకు వేలాడుతున్న కోతికి సూటిగా గురిపెట్టి వేటగాడు బాణం వదిలాడు. సరిగ్గా ఆ క్షణానే కోతి కొమ్మ వదిలేసింది. తప్పించుకుంటుందా?" అంది.

తప్పించుకుంటుందని నోటిదాకా వచ్చింది. ఆగి, కాగితం తెమ్మన్నాను. గురి గీతనుంచి బాణం ఎంత దిగుతుందో, కొమ్మనుంచి కోతీ అంతే దిగుతుంది. బాణం అంత దూరం చేరగలిగితే చాలు, తగిలి తీరుతుంది.

"నూటికి నూరు!" అంది అమ్మాయి.

"పాపం, వదలకుండా వేలాడినా బతికిపోయేది" అంది మా ఆవిడ వంటింట్లోంచి.